గాలి తిరిగిందా?

పొద్దున తొమ్మిదికి మేడ మీద పాత చీర పరిచి
ఆరువందల అప్పడాలు ఆరేస్తాను.
ఆడి నెల. పడమటి గాలి
తిరువళ్లూరు చేల దుమ్మంతా మోసుకొచ్చి
నా కొంగు నా చెంపకేసే కొడుతుంది.
మంచి గాలే. దాని నోట తడి ఉండదు.
పిండిలో చెమ్మంతా గంటలో పీల్చేస్తుంది.

మధ్యాహ్నానికి దానికి ఎదురొచ్చేదొకటుంది.
దాని సంగతి నాకేం తెలుసు,
తిన్ననూరు నుంచి సముద్రం గంట రైలు దూరం.
నూకరత్నానికి తెలుసు.
కాశిమేడులో పడవల పక్కన ఎండుచేపలు పరుచుకుని
ఆమె కూడా నాలాగే
ఆకాశాన్ని బతిమాలుకునే మనిషి.
ఆడవాళ్ల పెట్టెలో
నా సంచీకి తన గంప వాసన పట్టించిందని
బేసిన్ బ్రిడ్జి దాకా పోట్లాడుకున్నాం.
దిగేటప్పుడు నంబర్లు తీసుకున్నాం.

పదకొండున్నర నుంచీ ఫోన్లే.
"ఏమ్మా, గాలి తిరిగిందా?"
"లేదే మునెమ్మా. పడవ జెండాలింకా
సముద్రం వైపే చూస్తున్నాయి."
పన్నెండున్నర. "ఇసుక మీద కాలు పెట్టలేకున్నా."
ఒంటిగంట. "లేదే."
రెండింటికి ఆమె గొంతు వెనక
టార్పాలిను పటపటా కొట్టుకుంది.
"వచ్చింది! ముసిల్దానికి ఇప్పుడు మెలకువొచ్చింది."

మా లెక్క ఇదీ:
పదకొండుకే లేచిన సముద్రగాలి
చెప్పులు చేత పట్టుకుని నడిచొచ్చి
మా గుమ్మాలు దాటి ఊరికే పోతుంది.
ఆలస్యమైతేనే భయం.
అప్పటికి మా నేల పెనంలా కాలి ఉంటుంది,
కాలిన గాలి మీదికి లేస్తుంటుంది,
ఆ ఖాళీలోకి ఇది తడికాళ్లతో జొరబడుతుంది.
పడమటిది తలుపు వదలదు.
పక్కకి జరగడానికి ఇద్దరికీ చోటు లేక
పైకి, పైకి, ఇంకా పైకి.
ఐదింటికి ఆవడి మీద ఒక మబ్బు
నూనెలో వేసిన అప్పడంలా
ఒక్కసారిగా ఒళ్లంతా పొంగుతుంది.

ఒకరోజు రెండుంబావుకి కబురొచ్చింది.
పచ్చివన్నీ ఎత్తి గదిలో కుక్కాను,
సగం అతుక్కుపోయాయి.
వాన పోయి పూందమల్లిలో పడింది.
మాకు చుక్క లేదు.
ఫోన్ చేసి అరిచాను.
చేపని రెండోవైపు తిప్పుతున్నంత నింపాదిగా అంది:
"నేను గాలి సంగతే చెప్పాను గదమ్మా,
వాన సంగతి నేనెప్పుడన్నా చెప్పానా?"

రెండ్రోజులు మాటల్లేవు.
మూడోరోజు పదకొండున్నర దాటి
ఐదు నిమిషాలు ఓర్చుకున్నాను.

నిన్న మాత్రం లెక్క తప్పలేదు.
ముందు గాలి ఆగిపోయింది.
ఎదురింటి మునగాకు కూడా కదల్లేదు.
తర్వాత తూర్పు నుంచి
చల్లగా, కాస్త ఉప్పగా ఒక ఊపిరి.
అందులో ఆమె చేపల వాసన ఉందేమోనని పీల్చి చూశాను.
లేదు. మా వీధి కాలవ వాసనే.
వెనకాలే ఉరుము.

"ఇక్కడ చుక్క లేదే," అంది నూకరత్నం,
"ఎప్పుడూ ఇంతే. ఇటు నుంచే పోతుంది గదా,
అక్కడికొచ్చి ఏం చేస్తుందో
ఒక్కనాడూ చూళ్లేదు."
ఫోన్ రేకుల కిందికి చాపాను.
బస్తా మినుములు నెత్తిన గుమ్మరించినట్టు వాన.
నా చెయ్యి మోచేతి దాకా తడిసింది.
ఎంతసేపు విన్నదో తెలీదు.
మళ్లీ చెవికి పెట్టుకుంటే
అటు ఎవరితోనో బేరం:
"ఎనభైకి రావు. ఇష్టమైతే తీసుకో,
లేదా ఆ నెత్తళ్లు అక్కడ పెట్టు."

నేనూ ఏం మాట్లాడలేదు.
ఫోన్ నడుముకి దోపుకుని
అతుక్కున్నవి ఒక్కొక్కటే విడదీస్తూ కూచున్నా.
వాన తగ్గేదాకా
ఇద్దరిలో ఎవరమూ పెట్టెయ్యలేదు.